మూడు పడవల మీద కాళ్లు

ఆ అమ్మాయి రాసుకున్న పరిశోధన ప్రతిపాదన నాలుగు పేజీలే. కానీ అందులో మూడు శాస్త్రాలు సర్దుకుని కూర్చున్నాయి: కంట్రోల్ ఇంజినీరింగ్, క్వాంటమ్ కంప్యూటింగ్, డిజిటల్ మీడియా. ఎంటెక్ చేసింది మొదటిదాంట్లో. పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టే ముందు మేనమామ చేత ఒకసారి చదివిద్దామనుకుంది. మేనమామ స్టీల్ ప్లాంటు ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల దగ్గర ఏ వాల్వు మాట వింటుందో, ఏది మొండికేస్తుందో ఆయనకి తెలుసు. ఇంటి వృత్తి వేట. తమ్ముడి మరబోటు ఇప్పటికీ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోనే ఉంటుంది.

వేలం పాటలు ముగిసి, ఐసు బళ్లు వెళ్లిపోయి, జెట్టీ కాస్త తెరిపిన పడ్డాక ఇద్దరూ వాదనకి దిగారు. విన్నది విన్నట్టు రాస్తున్నాను. నడుమ నా మాట అడ్డుపడితే సర్దుకోండి. ఈ ఇద్దరి మధ్య నోరు మూసుకుని కూర్చోవడం ఎవరి వల్లా కాదు.

మామయ్య: చదివేనమ్మా. రాత బాగుంది, బొమ్మలు బాగున్నాయి. విషయమే ఏటో తేల్లేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని పెద్దోళ్లు ఊరికే అన్లేదు. నువ్వు మూడోది కూడా తెచ్చుకున్నావ్.

మేనకోడలు: ఆ సామెత ఇంకెక్కడైనా చెల్లుతుందేమో, ఇక్కడ చెల్లదు మామయ్యా. జెట్టీకి ఒక బోటు, దాన్ని ఆనుకుని ఇంకోటి, దాని పక్కన మరోటి కట్టేసి ఉన్నాయి. చివరి బోటులో కలాసీ టీ తాగడానికి ఒడ్డుకి ఎలా వస్తాడు?

పక్కనే వల బాగుచేసుకుంటున్న బోటు డ్రైవరు తలెత్తకుండానే అందుకున్నాడు: "ఎలాగేటి, నాలుగు బోట్లు దాటుకునే వొత్తాడు. రోజూ ఉన్నదే."

మామయ్య: తాళ్లతో కట్టి ఉన్నాయి కాబట్టి దాటుతున్నాడు. నడిసముద్రంలో దాటమను చూద్దాం. పైగా అలా ఒకదాన్నొకటి ఆనుకుని ఉండబట్టే కదా 2023 నవంబరు 19 రాత్రి ఒక బోటుకి అంటుకున్న మంట సుమారు 40 బోట్లకి పాకింది. నీ పరిశోధన గురించీ అదే నా భయం. ఒక శాస్త్రంలో తప్పు పడిందంటే మిగతా రెండూ కాలిపోతాయి.

మేనకోడలు: ఆ మంట సంగతి నా నాలుగో పేజీలో ఉంది. ముందు మొదటి పేజీ తేల్చు. అది నీ శాస్త్రమే. పీఐడీ కంట్రోలర్ పుట్టింది ఎక్కడో తెలుసా?

మామయ్య: పీఐడీ నాకు అన్నం పెట్టిన తల్లి. పుట్టిల్లు ఎక్కడని ఎప్పుడూ అడగలేదు.

మేనకోడలు: ఓడ మీద. నికొలాస్ మినోర్‌స్కీ అని రష్యా నుంచి అమెరికాకి వలసపోయిన ఇంజినీరు. ఓడ తనంతట తాను దారి తప్పకుండా ఎలా వెళ్లాలో 1922లో లెక్కగట్టి రాశాడు. లెక్కకి ముందు చుక్కాని పట్టినవాళ్లని గమనించాడు. చెయ్యి తిరిగినవాడు ఓడ ఎంత పక్కకి పోయిందన్నది ఒక్కటే చూడడు. ఎంత జోరుగా పోతోందో చూస్తాడు. ఎంతసేపట్నుంచి ఒకే పక్కకి ఒరుగుతోందో గుర్తుంచుకుంటాడు. ఈ మూడూ కలిపి చుక్కాని తిప్పుతాడు.

"గాలి ఒకపక్కనుంచే తోసేత్తుంటే సుక్కాని రవ్వంత ఎదురుకి పట్టీసి అలాగే ఉంచాల," అన్నాడు డ్రైవరు. "వొదిలీసినావో, మళ్లీ పోద్ది."

మామయ్యకి నవ్వొచ్చింది. పీఐడీలో ఐ, అంటే ఇంటెగ్రల్, ఏమిటో కొత్తగా చేరిన ట్రైనీలకి చెప్పడానికి బోర్డు నిండా రాసేవాణ్ణనీ, ఇతను ఒక్క ముక్కలో చెప్పేశాడనీ మెచ్చుకున్నాడు. వెంటనే తేరుకుని అసలు ప్రశ్న వేశాడు.

మామయ్య: మరి అమెరికా నేవీ ఆ యంత్రం వాడిందా?

మేనకోడలు: న్యూ మెక్సికో అనే యుద్ధనౌక మీద 1923లో పరీక్షించారు. బాగానే పనిచేసింది. కానీ ఓడ సిబ్బంది వద్దన్నారు. చివరికి విప్పేశారు.

మామయ్య: అదీ మాట. లెక్క సరిపోయింది, చుక్కాని పట్టినోడు ఒప్పుకోలేదు. మా ప్లాంటులో మాత్రం ఎన్ని చూళ్లేదు? కంట్రోల్ లూపు ఆటోలో పెట్టి మేం ఇటు తిరగ్గానే ఆపరేటరు మాన్యువల్‌కి మార్చేసేవాడు.

మేనకోడలు: ఎందుకు మార్చేవాడో మీ కంట్రోల్ పుస్తకాల్లో ఉందా?

మామయ్య: లేదు.

మేనకోడలు: అయితే నువ్విప్పుడు నా మూడో పేజీలో కాలు పెట్టావు.

ఈ పట్టు అమ్మాయిదే. ఆయన ఒప్పుకోలేదు గానీ, టీ చెప్పాడు.

మామయ్య: సరే, నీ గొడవేటో బోటు భాషలో చెప్పు.

మేనకోడలు: హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఉంది కదా, సముద్ర సమాచార కేంద్రం. 1999లో పెట్టారు. ఉపగ్రహం నుంచి సముద్రం పైపొర ఎంత వేడిగా ఉందో, నీళ్లలో పచ్చదనం ఎంతుందో చూసి, చేపలు ఎక్కడ చేరే వీలుందో కబురు పంపుతారు. ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కున, ఇంత దూరంలో, ఇంత లోతులో అని తెలుగులోనే వస్తుంది. మబ్బు పడితే ఉపగ్రహానికి కనపడదు, ఆ రోజు కబురుండదు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. నా ప్రశ్న ఇది: కబురు అటునుంచి ఇటు వస్తోంది. బోటు వెళ్లింది, చేప పడింది లేదా పడలేదు. ఆ సంగతి ఇటునుంచి అటు ఎంత వేగంగా, ఎంత నిజంగా వెళ్తోంది? నీ ఫర్నేసులో కొలత వెనక్కి రాకపోతే ఏమంటావు?

మామయ్య: ఓపెన్ లూపు అంటాను. ఆ షిఫ్టులో నేనుండనంటాను. గానీ ఇంకోటుంది. అందరికీ ఒకే కబురు పంపేవనుకో, అందరూ ఒకే చోటికి పోతారు. ఉన్న చేప ఒక్క రోజులో ఊడ్చేస్తారు. అందరూ ఒకేసారి ఒడ్డుకొస్తే పాటలో రేటు పడిపోద్ది. నువ్వు పంపిన కబురే నీ కొలతని పాడు చేస్తుంది. ఇది ఆలోచించేవా?

మేనకోడలు: రెండో పేజీ చివరి పేరా.

మామయ్య: అయితే బాగుంది. ఇది కంట్రోల్ సమస్య, అసలు సిసలు కంట్రోల్ సమస్య. దీన్నే పట్టుకుని మూడేళ్లు తవ్వు. ఫోన్ల గోల, క్వాంటమ్ గోల ఎందుకు?

మేనకోడలు: ఫోన్ల గోల లేకుండా చేపల రేటు ఎలా తెలుస్తుంది? కేరళ తీరానికి 1997 నుంచి 2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు కవళ్ల చేపల ధరలు ఏమయ్యాయో రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త లెక్కగట్టాడు. 2007లో అచ్చయింది. అంతకుముందు ఒక రేవులో కొనేవాడు లేక చేపలు పారబోస్తుంటే, పక్క రేవులో దొరక్క జనం తిరిగిపోయేవాళ్లు. ఫోనొచ్చాక పడవలు సముద్రంలోంచే రేటు కనుక్కుని రేవు మార్చుకున్నాయి. వేటగాళ్ల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాడికి ధర 4 శాతం తగ్గింది. ప్రపంచమంతా ఈ పరిశోధన చెప్పుకుంది.

మామయ్య: రేవు మార్చుకోడానికి బోటు ఎవరి చేతిలో ఉందమ్మా? డీజిలుకీ ఐసుకీ అప్పిచ్చినోడి చేతిలో ఉంటుంది. సరుకు వాడికే వెయ్యాలి. ఫోనులో పక్క రేవు రేటు ఎంత కనపడితే మాత్రం ఏటి లాభం?

మేనకోడలు: సరిగ్గా ఇదే మాట జానకీ శ్రీనివాసన్, జెనా బరెల్ అనే ఇద్దరు పరిశోధకులు కేరళ వెళ్లి చూసి 2013లో రాశారు. ఫోను ఒక్కటే చూస్తే సరిపోదు, అప్పు, దళారీ, రేవు అలవాటు కూడా చూడాలన్నారు. వాళ్లది మీడియా, సమాజం చదివే శాఖ. ఇంజినీర్లు అడగని ప్రశ్న వాళ్లు అడిగారు. నువ్వు కాలేజీకి వెళ్లకుండానే అడిగావు.

మామయ్య: మునగచెట్టు ఎక్కించొద్దు. మీడియా సంగతి తర్వాత చూద్దాం. ఆ క్వాంటమ్ చెప్పు. అదే నాకు మింగుడు పడటం లేదు.

ఇక్కడినుంచి మామయ్య గొంతు పెరిగింది. దీనికోసమే ఆయన ఇంటి దగ్గర సిద్ధమై వచ్చాడని నా అనుమానం.

మామయ్య: 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ కేబినెట్ నేషనల్ క్వాంటమ్ మిషన్ అని 6,003 కోట్లు ఇచ్చింది. 2025 మేలో అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అన్నారు. ఐబీఎం యంత్రం, 156 క్యూబిట్లు, టీసీఎస్ తోడు. అప్పట్నుంచి ఏ ప్రతిపాదన చూసినా ఈ మాటే. ప్రయోగశాల తలుపు మీద పాత బోర్డు తీసి కొత్త బోర్డు పెడితే లోపలున్న వోల్టుమీటరు మారిపోద్దా? ఆ యంత్రం చేప పట్టదు, ఇనుం కరిగించదు. అదేదో చల్లగా ఉంచాలట.

మేనకోడలు: కెల్విన్‌లో వందో వంతుకి కాస్త పైన. నక్షత్రాల మధ్య ఖాళీ జాగా కూడా అంత చల్లగా ఉండదు.

"మన ఐసు ప్లాంటోడికి సెప్పకండి, రేటు పెంచేత్తాడు," అన్నాడు డ్రైవరు.

మేనకోడలు: అది ఏం చెయ్యలేదో నేనూ ఒప్పుకుంటాను. 2019లో గూగుల్ వాళ్లు 53 క్యూబిట్లతో ఒక లెక్క 200 సెకన్లలో చేశామన్నారు, మామూలు సూపర్ కంప్యూటర్‌కి 10,000 ఏళ్లు పడుతుందన్నారు. రెండున్నర రోజులు చాలని ఐబీఎం వాళ్లు అప్పుడే తిప్పికొట్టారు. పైగా ఆ లెక్కతో ఎవరికీ పని లేదు. పీటర్ షోర్ 1994లో చెప్పినట్టు పెద్ద సంఖ్యల్ని కారణాంకాలుగా విడగొట్టి రహస్య సంకేతాలు ఛేదించాలంటే ఇప్పుడున్న యంత్రాలు చాలవు. ఎందుకు చాలవంటే తప్పులు. క్యూబిట్ అంటే ఆ యంత్రంలో లెక్క మోసే అతి చిన్న ముక్క, చిటికెలో గతి తప్పుతుంది. దాన్ని నేరుగా చూస్తే చెదిరిపోతుంది. అందుకని చుట్టుపక్కల క్యూబిట్లని కొలిచి, తప్పు ఎక్కడ పడిందో ఊహించి, మైక్రోసెకన్లలో దిద్దాలి. కొలవడం, ఊహించడం, దిద్దడం. ఇది ఏ శాస్త్రం మామయ్యా?

మామయ్య: (కాసేపాగి) లూపే.

మేనకోడలు: క్యూబిట్లు పెంచేకొద్దీ తప్పులు పెరగకుండా తగ్గేలా చెయ్యగలిగామని గూగుల్ వాళ్లు 2024 డిసెంబరులో విల్లో చిప్పుతో చూపించారు. అది భౌతికశాస్త్రం ఎంతో కంట్రోల్ కూడా అంతే.

మామయ్య: బాగుంది. అలాగైతే అమరావతి వెళ్లి ఆ ఐబీఎం యంత్రం దగ్గర లూపు రాయి. బోట్లెందుకు? హెడ్డింగు చూడు. క్వాంటమ్ కంప్యూటింగ్ అని పెద్ద అక్షరాలు. లోపల చూస్తే బోటు ఎక్కడుందో ఎంత కచ్చితంగా కొలవొచ్చన్న గొడవ. కంప్యూటింగ్ ఏదీ?

అమ్మాయి జవాబు చెప్పలేదు. పెన్ను తీసి శీర్షికలో ఒక మాట కింద గీత పెట్టుకుంది. ఈ పట్టు మామయ్యది, సందేహం లేదు. గ్రాంటు వాసన తగిలిన చోటికి మాటలు వలస పోవడం నేనూ చూస్తున్నదే. ఒకప్పుడు నానో, తర్వాత ఏఐ, ఇప్పుడిది.

మేనకోడలు: కంప్యూటింగ్ తీసేస్తాను. క్వాంటమ్ తియ్యను. నీ తమ్ముడి బోటులో జీపీఎస్ దేనిమీద నడుస్తోంది? ఉపగ్రహంలో ఉన్న పరమాణు గడియారం మీద. గడియారం ఒక్క మైక్రోసెకను తప్పితే బోటు 300 మీటర్లు పక్కన ఉన్నట్టు చూపిస్తుంది. జీపీఎస్ లాంటిదే ఇస్రో వాళ్ల నావిక్, అదేమైంది? 2013లో పంపిన మొదటి ఉపగ్రహంలో దిగుమతి చేసుకున్న రుబీడియం గడియారాలు మూడూ ఆగిపోయాయి. సొంత రుబీడియం గడియారం తయారుచేసి 2023 మే 29న ఎన్‌వీఎస్-01లో పంపారు. గడియారం కూడా క్వాంటమే.

మామయ్య: గడియారం నువ్వు తయారు చెయ్యట్లేదు కదమ్మా. వాడుకుంటున్నావ్. గ్యాసు పొయ్యి వాడుకున్నోడు కెమిస్ట్రీలో పీహెచ్‌డీ అడుగుతాడేటి?

మేనకోడలు: కొలతకి హద్దు ఎక్కడ అన్నదే నా అధ్యాయం. ఆ హద్దు గీసిన మనిషి మన ఊళ్లో చదివినవాడు. సి.ఆర్. రావు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివాడు. యుద్ధం రోజుల్లో సైన్యం సర్వేలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లాడు. అది రాలేదు. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆయన వ్యాసం వచ్చింది, అప్పటికి పాతికేళ్లు. సందడిలోంచి ఒక సంగతి కనుక్కోవాలంటే, నీ పద్ధతి ఎంత తెలివైనదైనా, పొరపాటు ఇంతకంటే తగ్గదు అని ఒక గీత గీశాడు. స్వీడన్‌లో క్రామెర్ వేరే దారిలో అక్కడికే చేరాడు. అందుకే క్రామెర్-రావు హద్దు అంటారు.

మామయ్య: కొంచెం కిందకి దిగి చెప్పు.

మేనకోడలు: ఎకో సౌండర్ ఒక్కసారి శబ్దం పంపి లోతు చెప్పింది. కాస్త అటూ ఇటూ తప్పుతుంది. 100 సార్లు పంపి సగటు తీస్తే తప్పు పదో వంతుకి తగ్గుతుంది, 100వ వంతుకి కాదు. ఎంత మొత్తుకున్నా అంతే. ఇప్పుడు ఆ 100 కొలతలూ ఒకదానితో ఒకటి క్వాంటమ్ ముడి పడ్డ కణాలతో చేశామనుకో. సూత్రప్రకారం 100వ వంతు దాకా తగ్గొచ్చు. రావు గీతని కార్ల్ హెల్‌స్ట్రమ్ 1967లో క్వాంటమ్ కొలతల్లోకి తీసుకెళ్లాడు. గురుత్వ తరంగాలు పట్టే లైగో 2019 నుంచి వెలుతురుని క్వాంటమ్ పద్ధతిలో అదిమి ఆ లాభంలో కొంత రాబడుతోంది. నీ కంట్రోల్లో స్థితి అంచనా వేసేవాళ్లకీ రావు హద్దే దిక్కు. ఉపగ్రహం కొలిచినా, క్యూబిట్ కొలిచినా గీత ఒకటే. ఇందాక నాలుగు బోట్లు తాళ్లతో కట్టేశారన్నావే, ఆ తాడు ఇది.

చెప్పొద్దూ, నాకు కూడా ఒళ్లు పులకరించింది. మామయ్య మాత్రం టీ గ్లాసు కింద పెట్టి నింపాదిగా అన్నాడు.

మామయ్య: నువ్వు చెప్పిందాంట్లోంచే అడుగుతాను. రావుగారు క్వాంటమ్ చదివేడా? కంట్రోల్ చదివేడా? లేదు. ఒక్క చోటే తవ్వేడు. నీళ్లు పడ్డాయి. చుట్టుపక్కలోళ్లు బిందెలు పట్టుకుని వాళ్లే వొచ్చేరు. మూడు చోట్ల మూడు గోతులు తవ్వితే మూడూ ఎండు గోతులే. నేను మొదట్నుంచీ చెప్పేది ఇదే.

మేనకోడలు: హెల్‌స్ట్రమ్ బిందె పట్టుకుని రావాలంటే రెండు భాషలూ రావాలి కదా? తెచ్చేవాడు లేకపోతే నీళ్లు నూతిలోనే ఉంటాయి. మన యూనివర్సిటీలో సముద్ర శాస్త్రం ఎలా మొదలైంది? 1952లో లాఫాండ్ అనే అమెరికన్ వచ్చి, ఇక్కడి ఆచార్యులతో, విద్యార్థులతో కలిసి, నేవీ ఓడలెక్కి ఈ తీరం ముందు సముద్రం అడుగు కొలిచాడు. ఇక్కడి లోతు లోయలకి ఆంధ్రా, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టాడు. మహదేవన్‌గారు జియాలజీ ప్రొఫెసర్. రాళ్లు చదివిన మనిషి నీళ్ల శాస్త్రానికి చోటివ్వబట్టే అది సాగింది. ఇంకెందుకు, మీ కంట్రోల్లోనే మన తెలుగువాడు మాతుకుమల్లి విద్యాసాగర్. గుంటూరులో 1947లో పుట్టాడు. కంట్రోల్ సిద్ధాంతంలో పుస్తకాలు రాశాడు, బెంగళూరులో రక్షణ శాఖ కృత్రిమ మేధ, రోబోటిక్స్ కేంద్రం నడిపాడు, టీసీఎస్‌లో చేశాడు, ఆ తర్వాత క్యాన్సర్ జీవశాస్త్రం లెక్కలకి మళ్లాడు. 2012లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు.

మామయ్య: విద్యాసాగర్‌గారి పుస్తకం మా ఇంజినీర్ల బీరువాలో ఉండేది, గౌరవం ఉంది. అందుకే అడుగుతున్నాను. 2020లో కరోనా లెక్కలకి కేంద్రం వేసిన కమిటీకి అధ్యక్షుడెవరు? ఆయనే. అక్టోబరులో ఏటన్నారు? 2021 ఫిబ్రవరి నాటికి తగ్గుముఖం అన్నారు. ఏప్రిల్‌లో ఏటయ్యింది? కేజీహెచ్ ఆస్పత్రి ముందు అంబులెన్సుల వరస మనం చూళ్లేదేటి? రెండో ఉద్ధృతి ఆ లెక్కకి అందలేదు. అంతటివాడికే పరాయి పొలంలో కాలు జారితే నువ్వెంత, నేనెంత?

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ ఏప్రిల్‌లో ఈ జెట్టీ మీద ఎవరెవరు లేకుండా పోయారో ఇద్దరికీ తెలుసు.

మేనకోడలు: ఆ లెక్క తప్పింది, నిజమే. కానీ అక్కడ తక్కువైంది ఏమిటనుకుంటున్నావు? వైరస్ మారుతుంది, జనం మారతారు. తగ్గిపోయిందన్న వార్త విన్న జనం పెళ్లిళ్లకి వెళ్తారు. వార్త కూడా లూపులో భాగమే. దాన్ని లెక్కలో ఎవరు పెట్టాలి? మీడియా చదివినవాళ్లు ఆ గదిలో ఉండాలని నేనంటున్నాను. నువ్వేమో గది తలుపులు మూసేయమంటున్నావు.

మామయ్య: తలుపులు మూయమన్లేదు. ఎవడి కుర్చీలో వాణ్ణి కూర్చోమంటున్నాను.

మేనకోడలు: సరే, నాలుగో పేజీకి రా. ఆ రాత్రి మంట. తెల్లారేసరికి ప్రతి ఫోనులో వీడియోలు. వేట వీడియోలు చేసే ఒక యూట్యూబర్ పేరు బయటికొచ్చింది. అతనే అన్నట్టు ఊరంతా మాట్లాడింది. పోలీసులు పిలిచి ప్రశ్నించారు. తర్వాత కేసులో అరెస్టయింది వేరే ఇద్దరు. బోటులో మందు తాగుతూ పారేసిన సిగరెట్టు పక్క బోటులో నైలాన్ వలకి అంటుకుందని పోలీసులు చెప్పారు. మంట ఎలా పాకిందో నువ్వు చెప్పావు, బోట్లు ఆనుకుని ఉన్నాయని. మాట ఎలా పాకింది?

మామయ్య: జనం నోళ్లు.

మేనకోడలు: జనం నోళ్లు ఎప్పుడూ ఉన్నాయి. ఇప్పుడు నువ్వొకటి చూస్తే అలాంటిదే ఇంకోటి ముందుకొస్తుంది. అది చూస్తే దానికంటే ఘాటైనది. చూసినకొద్దీ ఇంకా చూపిస్తుంది. ఫర్నేసులో వేడి పెరిగినకొద్దీ గాలి ఇంకా వదిలే లూపుని ఏమంటారు?

మామయ్య: పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. సైరను మోగుద్ది. (ఉన్నట్టుండి కుర్చీలో ముందుకి జరిగి) ఆగాగు. ప్రతి లూపుకీ సెట్‌పాయింటు ఒకటుంటుంది. ఫర్నేసుకి ఇంత వేడి కావాలని ఎవడో ఒకడు నొక్కుతాడు. ఆ ఫోనుకి సెట్‌పాయింటు ఏటి?

మేనకోడలు: జనం ఎంతసేపు చూస్తే అంత మేలు. యూట్యూబ్ 2012లో క్లిక్కులు వదిలి చూసిన సమయం మీదకి మళ్లింది.

మామయ్య: ఎవడు పెట్టేడు?

మేనకోడలు: కాలిఫోర్నియాలో కంపెనీ.

మామయ్య: ప్యానెల్ తెరిచి చూడనిస్తారా?

మేనకోడలు: ఇవ్వరు. అందుకే బయటినుంచి కనిపెట్టాలి. కొత్త ఖాతాలు తెరిచి, ఏం చూస్తే ఏం చూపిస్తోందో వరసగా రాసుకోవాలి. డిజిటల్ మీడియా వాళ్లు ఆ పని చేస్తున్నారు. కానీ నువ్విప్పుడు అడిగిన ప్రశ్న, సెట్‌పాయింటు ఎవడు పెట్టాడన్నది, కంట్రోల్ తెలిసినవాడి నోటికే అంత సూటిగా వస్తుంది.

మామయ్యకి ఈ మాట నచ్చింది. దాచుకోవాలని చూశాడు, కుదర్లేదు. నార్బర్ట్ వీనర్ 1948లో సైబర్నెటిక్స్ పుస్తకం రాసి, యంత్రానికీ మనిషికీ మాటకీ ఒకే లెక్క ఉందన్నప్పుడు చాలామందికి ఇదే అనుభవమై ఉంటుంది. ఆ వీనరే 1955-56లో కలకత్తా వచ్చి, రావుగారున్న ఇన్‌స్టిట్యూట్‌లోనే కొన్ని నెలలు ఉన్నాడు. ఈ మూడు శాస్త్రాలూ నిన్న మొన్న గ్రాంట్ల కోసం చుట్టాలైనవి కావు.

మామయ్య: మీడియా ఉంచుకో. కానీ యూట్యూబ్ ఒక్కటే అయితే నీ పరిశోధన అయ్యేలోపు అది పాతబడిపోద్ది.

మేనకోడలు: అందుకే సముద్రం అడుగున వేసే ఇంటర్నెట్ కేబుల్ కూడా పెట్టాను. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో డేటా సెంటర్‌కి ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామంది. సముద్రగర్భ కేబుళ్లు ఈ తీరానికే వస్తాయన్నారు. ప్రపంచంలో కేబుళ్లు తెగేది సొరచేపలు కొరికి కాదు. నూటికి 70, 80 సార్లు మనుషుల వల్లే, ఎక్కువగా వలలు, లంగర్లు తగిలి.

డ్రైవరు చేతిలో వల ఆగింది. "ఏటీ, మా ట్రాల్ వల కిందకా?"

మేనకోడలు: అవునన్నా. కేబుల్ ఎక్కడ పడుతుందో, ఎక్కడ వల దించకూడదో ఆ కబురు నీకు ఎవరు చెప్తారు? ఏ భాషలో? వేటకి వెళ్లే ముందా, తెగాక నోటీసులోనా?

డ్రైవరు: ఇప్పటిదాకా నాకైతే ఎవరూ సెప్పలేదు. సెప్తే ఎల్లం. ఆడ సేప ఉంటే మాత్రం... ఏటో మరి.

మామయ్య: ఇది రాసుకో. ఆ చివరి మాట ముఖ్యంగా రాసుకో.

వాదన ఇక్కడ సద్దుమణిగింది, తేలలేదు. ఆయన ఒక్క చోట తవ్వమనే అంటున్నాడు, ఆమె తాళ్లు కట్టి దాటతాననే అంటోంది. నన్ను తీర్పు అడిగారు కాబట్టి చెప్తాను. శీర్షికలో క్వాంటమ్ కంప్యూటింగ్ ఉండకూడదు. క్వాంటమ్ కొలత ఒక అధ్యాయం, అంతకుమించి వద్దు. వెన్నెముక కంట్రోల్ ఇంజినీరింగే కావాలి. మీడియా అధ్యాయం మాత్రం అలంకారంగా చివర్లో పెట్టొద్దు, మొదట పెట్టాలి. కబురు ఎవరి చేతికి ఎప్పుడు చేరిందో తెలియకుండా లూపు గీయడం దండగ. గైడ్లు ఇద్దరుండాలి, రెండోవారు జర్నలిజం శాఖ నుంచో సోషియాలజీ నుంచో రావాలి. వెడల్పు విషయంలో అమ్మాయికి ఓటేశాను. బోర్డులు మార్చే రోగం విషయంలో మామయ్యకి.

దరఖాస్తులు చదివే ఆచార్యులకి ఒక విన్నపం. ఇలాంటి ప్రతిపాదన వచ్చినప్పుడు ఇంటర్వ్యూ బోర్డులో ఒక కుర్చీ బోటు డ్రైవర్‌కి వెయ్యండి. ప్రయాణ భత్యం అక్కర్లేదు, హార్బర్ నుంచి యూనివర్సిటీకి ఆటోలో వచ్చేస్తాడు. తేదీ మాత్రం చూసి పెట్టండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అప్పుడైతే డ్రైవర్లందరూ ఊళ్లోనే ఉంటారు.